ఫోటోలు పంపడం వేరు, రుజువు అందజేయడం వేరు
(రుణగ్రహీతలకు, డీలర్లకు ఒక పాఠం)

రుణం మంజూరైన నాటినుండి తీరిన నాటివరకు రైతుకూ బ్యాంకుకూ నడుమ కాగితాలు నడుస్తూనే ఉంటాయి. ఒకప్పుడు వాటిని చేతితో తెచ్చి ఇచ్చేవారు, లేదా టపాలో పంపేవారు. నేడు వాటిలో చాలాభాగం ఫోటోల రూపంలో, సెల్‌ఫోనులోని వాట్సాప్ వంటి సందేశ యాప్‌ల ద్వారా వస్తున్నాయి. కొన్న గేదె ఫోటో, ఇంటికి చేరిన ట్రాక్టరు ఫోటో, ఇన్‌వాయిసు ఫోటో, పట్టాదారు పాసుపుస్తకం ఫోటో, వడగండ్లకు నేలకొరిగిన చేను ఫోటో - ఇలా ఒక్కొక్క పనికి పది, ఇరవై, ముప్పై ఫోటోలు ఒకే గుత్తిగా వచ్చిపడుతున్నాయి.

ఇది సదుపాయమే. ఇరవై కిలోమీటర్ల దూరం బస్సెక్కి రానవసరం లేకుండా ఇంటినుండే పని జరుగుతున్నది. అయితే ఈ సదుపాయంలో ఒక చిక్కు ఉన్నది. ఫోటో మన చేతినుండి వెళ్లిపోవడం ఒక ఎత్తు, అది అవతలివారికి చదవదగిన, గుర్తించదగిన, దాచుకోదగిన రుజువుగా అందడం మరొక ఎత్తు. మొదటిది జరిగితే రెండవది కూడా జరిగినట్లేనని చాలామంది భావిస్తారు. ఈ భావన వలన రుణ వాయిదా విడుదల ఆలస్యమవుతుంది, డీలరుకు రావలసిన పైకం నిలిచిపోతుంది, కొన్ని సందర్భాలలో బీమా పరిహారమే చేజారిపోతుంది. కనుక ఒకేసారి అనేక ఫోటోలు పంపేటప్పుడు ఏమి జరుగుతుందో, ఎలా పంపితే అవి నిలబడతాయో ఈ పాఠంలో తెలుసుకొందాం.

1. పంపినప్పుడు ఫోటో ఏమవుతుంది?

నేటి సామాన్యమైన సెల్‌ఫోను కెమెరా తీసే ఫోటోలో నిలువు, అడ్డము కలిపి సుమారు 4000 x 3000, అనగా 1 కోటి 20 లక్షల చుక్కలు ఉంటాయి. ఈ చుక్కలనే పిక్సెళ్లు అంటారు. అటువంటి ఫోటో ఫోనులో దాదాపు 3 నుండి 4 ఎం.బి. జాగా తీసుకొంటుంది.

దానిని వాట్సాప్‌లో మామూలు పద్ధతిలో పంపినప్పుడు యాప్ ఆ ఫోటోను ఉన్నదున్నట్లు పంపదు. పొడవైన అంచు సుమారు 1600 చుక్కలకు వచ్చేటట్లు కుదించి పంపుతుంది. ఫోనునుబట్టి, యాప్‌లో ఎంచుకొన్న అమరికనుబట్టి ఈ అంకె కొంత మారవచ్చుగాని కుదింపు మాత్రం తప్పదు. 1 కోటి 20 లక్షల చుక్కలు ఇంచుమించు 20 లక్షలకు తగ్గిపోతాయి. 3, 4 ఎం.బి. ఉన్నది కొద్ది వందల కె.బి.లకు దిగుతుంది. ముఖాలు, చెట్లు, పండుగ ఫోటోలు చూసుకోవడానికి ఇది చాలు. ఇన్‌వాయిసు మీది అంకెలు, ఛాసిస్ పలక మీది అక్షరాలు చదవడానికి మాత్రం ఒక్కొక్కప్పుడు చాలదు.

ఈ కుదింపు ఎందుకో లెక్కవేసి చూద్దాం. ఒక్కొక్కటి 3.3 ఎం.బి. ఉన్న ఫోటోలు 30 పంపాలనుకొందాం. మొత్తం సుమారు 100 ఎం.బి. మీ ఊరిలో సిగ్నలు సన్నగా ఉండి సెకనుకు 1 మెగాబిట్ వేగంతో మాత్రమే పైకి వెళ్తున్నదనుకోండి. పరిమాణాన్ని బైట్లలోను, వేగాన్ని బిట్లలోను చెబుతారు. 8 బిట్లు 1 బైటు. కనుక 100 ఎం.బి. అనగా 800 మెగాబిట్లు. అది పోవడానికి 800 సెకన్లు, అంటే 13 నిమిషాలకు పైన పడుతుంది. అవే 30 ఫోటోలు ఒక్కొక్కటి 250 కె.బి.కి కుదిరితే మొత్తం 7.5 ఎం.బి. మాత్రమే, 60 సెకన్లలో వెళ్లిపోతాయి. కుదింపు వలన కాలము, డేటా కలిసివస్తాయి. పోయేది స్పష్టత. ఎక్కడ స్పష్టత అక్కరలేదో అక్కడ కుదింపును అంగీకరించడం, ఎక్కడ అవసరమో అక్కడ నివారించడం - ఇదే నేర్చుకోవలసిన విద్య.

2. అక్షరం ఎప్పుడు చదవబడుతుంది?

ఎ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు. ఆ కాగితం ఫ్రేము నిండా వచ్చేటట్లు ఫోటో తీశారనుకొందాం. 1600 చుక్కలను 297తో భాగిస్తే ఒక్కొక్క మిల్లీమీటరుకు సుమారు 5 చుక్కలు వస్తాయి. 2 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరానికి దాదాపు 11 చుక్కలు దొరుకుతాయి. చదవవచ్చు.

అదే కాగితాన్ని మంచం మీద పరచి, నిలబడి దూరంనుండి తీశారనుకొందాం. కాగితం ఫోటో పొడవులో నాల్గవ వంతు మాత్రమే ఉన్నది. అప్పుడు కాగితానికి దక్కినవి 400 చుక్కలు. ఒక్కొక్క అక్షరానికి మిగిలేవి 3 చుక్కలు కూడా కావు. 3 ఏదో 8 ఏదో, 1 ఏదో 7 ఏదో తెలియదు. తెలుగు అక్షరాలకైతే ఒత్తులు, గుడులు, సున్నలు ముందుగా మాయమవుతాయి. ఫోనులో పెద్దది చేసి చూసినా అక్షరం పెద్దదౌతుందిగాని స్పష్టం కాదు.

దీనినిబట్టి తేలేదేమిటంటే, ఖరీదైన కెమెరా కంటె దగ్గరగా, తిన్నగా, ఫ్రేము నిండా తీయడమే ముఖ్యం. నీడ పడకుండా పగటి వెలుతురులో, కాగితాన్ని బల్లపై చదునుగా పెట్టి, పైనుండి తీయండి. ప్లాస్టిక్ కవరులోని పాసుపుస్తకాన్ని కవరు తీసి ఫోటో తీయండి. మెరుపు పడిన చోట అంకెలు కనిపించవు.

3. స్పష్టత పోకుండా పంపే మూడు దారులు

మొదటిది: హెచ్‌డి పద్ధతి. 2023 ఆగస్టునుండి వాట్సాప్‌లో ఈ సౌకర్యం ఉన్నది. ఫోటోలు ఎంచుకొన్న తరువాత పంపే ముందు పైభాగాన కనిపించే హెచ్‌డి గుర్తును నొక్కితే కుదింపు తక్కువగా జరుగుతుంది. చేను, పశువు, యంత్రము వంటి వాటికి ఇది సరిపోతుంది.

రెండవది: డాక్యుమెంటుగా పంపడం. జోడింపు గుర్తు నొక్కినప్పుడు గ్యాలరీ అనికాక డాక్యుమెంట్ అనే దానిని ఎంచుకొని, దాని ద్వారా ఫోటోలను చూపిస్తే యాప్ వాటిని కుదించదు. మూలము ఎలా ఉన్నదో అలాగే చేరుతుంది. ఒక్కొక్క ఫైలు 2 జి.బి. వరకు ఉండవచ్చు. 2022కు ముందు ఈ పరిమితి 100 ఎం.బి. మాత్రమే. ఇందులో మరొక ప్రయోజనం ఉన్నది. కెమెరాలో లొకేషన్ అమరిక ఆన్‌లో ఉంటే ప్రతి ఫోటోలోను తీసిన తేదీ, సమయము, స్థలము యొక్క అక్షాంశ రేఖాంశాలు కనిపించకుండా నమోదై ఉంటాయి. మామూలు పద్ధతిలో పంపితే ఆ వివరాలు తొలగిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే నిలిచి ఉంటాయి. ఫోటో ఏ పొలంలో, ఏ రోజున తీసినదన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇవి అక్కరకు వస్తాయి. అదే కారణాన, అపరిచితులకు ఇంటి ఫోటోలను ఈ పద్ధతిలో పంపరాదు.

మూడవది: కాగితాలన్నిటినీ ఒకే పి.డి.ఎఫ్. చేయడం. గూగుల్ డ్రైవ్ యాప్‌లో స్కాన్ చేసే సదుపాయం ఉన్నది. పుట తరువాత పుట తీస్తూ పోతే అంచులు సరిచేసి, వరుసగా కూర్చి, ఒకే ఫైలు చేస్తుంది. పన్నెండు పుటలు పన్నెండు ఫోటోలుగా రావడానికి బదులు ఒక్క ఫైలుగా వస్తే శాఖలో దానిని ముద్రించుకొని దస్త్రంలో పెట్టుకోవచ్చు. చదవవలసినవి పి.డి.ఎఫ్.గా, చూడవలసినవి ఫోటోలుగా పంపడం మంచి నియమం.

4. ఎన్ని పంపవచ్చు, ఎన్ని పంపాలి?

2023కు పూర్వం వాట్సాప్‌లో ఒక్కసారికి 30 ఫోటోలు మాత్రమే ఎంచుకోవడానికి వీలుండేది. ఆ సంవత్సరం ఆ పరిమితిని 100కు పెంచారు. వంద పంపగలం గదా అని వంద పంపవలసిన పని లేదు.

అవతలివారికి ఇవి ఎలా కనిపిస్తాయో ఊహించండి. నాలుగు, అంతకుమించి ఫోటోలు ఒకేసారి పంపితే యాప్ వాటిని ఒక ఆల్బముగా చేస్తుంది. పైకి నాలుగు చిన్న గళ్లు మాత్రమే కనబడతాయి. మిగిలినవి నాల్గవ గడిమీద ఉన్న అంకె వెనుక దాగి ఉంటాయి. ముఖ్యమైన ఇన్‌వాయిసు ఇరవై మూడవ ఫోటోగా ఉంటే, దానికి ముందు ఒకే గేదెను ఒకే వైపునుండి తీసిన ఎనిమిది ఫోటోలు ఉంటే, వెదికేవారి ఓపిక అక్కడే తీరిపోతుంది. రుజువు అందలేదని చెప్పలేం, అందిందనీ చెప్పలేం. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత ఇక్కడ సరిపోతుంది.

అంతేకాదు, అవతలి ఫోనులో ఫోటోలు తమంతట తామే దిగే అమరిక లేకపోతే అవి మసకగానే ఉండిపోతాయి. నొక్కి దింపుకొంటేనే కనిపిస్తాయి. చాలా కాలం దింపుకోకపోతే తరువాత దొరకకపోవచ్చు. గుత్తి పెద్దదైనకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది.

కనుక ఒక పనికి సంబంధించిన ఫోటోలు 6 నుండి 10 వరకు ఉంటే చాలు. ఒక్కొక్క ఫోటో ఒక్కొక్క ప్రశ్నకు సమాధానం కావాలి. ఏ ప్రశ్నకూ సమాధానం కాని ఫోటోను తీసివేయండి.

5. పంపే క్రమం

అ) ఫోటో తీయకముందే చీటీ రాసుకోండి. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో మీ పేరు, గ్రామం, సర్వే నంబరు లేక ట్యాగు నంబరు, తేదీ రాయండి. మొదటి ఫోటోలో ఆ చీటీ కూడా కనిపించాలి. ఫోటో ఎవరి ఫోనులోనికి పోయినా, ఎన్ని ఫోటోల మధ్య కలిసినా, అది ఎవరిదో ఆ చీటీయే చెబుతుంది.

ఆ) దూరం, మధ్యమం, దగ్గర - ఈ మూడు దృశ్యాలు తప్పక తీయండి. దూరపు ఫోటో స్థలాన్ని, మధ్యమం వస్తువును, దగ్గరి ఫోటో నంబరునో నష్టాన్నో చూపుతుంది.

ఇ) గ్యాలరీలో ఒక్కొక్క ఫోటోను తెరచి, పెద్దదిచేసి, అంకెలు చదవగలుగుతున్నారో లేదో మీరే చూసుకోండి. మీకు చదవరానిది బ్యాంకువారికీ చదవరాదు.

ఈ) ఫోటోలకంటె ముందు ఒక సందేశం పంపండి. ఖాతాదారు పేరు, ఊరు, రుణ రకం, ఫోటోల సంఖ్య, వాటి వరుస అందులో ఉండాలి. ఉదాహరణకు: "పాడి రుణం, గేదెలు 2, ఫోటోలు మొత్తం 7. 1, 2 మొదటి గేదె, 3 దాని ట్యాగు, 4, 5 రెండవ గేదె, 6 దాని ట్యాగు, 7 కొట్టం." ఏడుకు ఆరే చేరితే లోటు వెంటనే తెలుస్తుంది.

ఉ) మీరు చెప్పిన వరుసలోనే ఫోటోలను ఒక్కొక్కటిగా నొక్కి ఎంచుకోండి. సాధారణంగా ఎంచుకొన్న క్రమంలోనే అవి చేరుతాయి.

ఊ) ఒక రుణగ్రహీతకు ఒక గుత్తి. ఇద్దరి ఫోటోలను ఎన్నడూ ఒకే గుత్తిలో కలపరాదు.

ఎ) ఒక్కసారి చూడగానే మాయమయ్యే గుర్తు నొక్కి పంపకండి. 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో సందేశాలు వాటంతట అవే చెరిగిపోయే అమరిక మీ చాట్‌లో ఉంటే తీసివేయండి.

ఏ) మూల ఫోటోలను ఫోనునుండి తొలగించకండి. రుణం తీరేవరకు, క్లెయిము పరిష్కారమయ్యేవరకు దాచండి. భారతీయ సాక్ష్య అధినియమం, 2023 (2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చినది) 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును న్యాయస్థానంలో దాఖలు చేయాలంటే దానికి ధ్రువపత్రం జతపరచవలసి ఉంటుంది. మూలము ఉన్నవారికి ఆ పని సులువు. నలుగురు చేతులు మారి కుదింపుపై కుదింపు జరిగిన నకలు మాత్రమే ఉన్నవారికి కష్టం.

6. మూడు సందర్భాలు

పాడి పశువులు: పశువు చెవికి వేసే ట్యాగుమీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. అదే ఆ పశువుకు గుర్తింపు. పశుబీమాలో ట్యాగు లేనిదే క్లెయిము లేదన్నది అందరూ ఎరిగిన సూత్రం. కనుక పశువు కుడి, ఎడమ పక్కల నిండు ఫోటోలు రెండు, 12 అంకెలు చదవగలిగేటట్లు ట్యాగు ఫోటో ఒకటి, యజమానితో కలిసిన ఫోటో ఒకటి - ఈ నాలుగు చాలు. చెవి కదలకుండా ఒకరు పట్టుకొని ఉండగా మరొకరు తీయండి. ట్యాగుమీది పేడ, మట్టి తుడవండి. దురదృష్టవశాత్తు పశువు చనిపోతే ముందుగా బీమా సంస్థకు, బ్యాంకుకు, పశువైద్యునికి తెలియజేయండి. పరీక్ష జరగకమునుపే పూడ్చిపెట్టి, ఆ తరువాత నలభై ఫోటోలు పంపడం చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లే అవుతుంది. చెవిని ట్యాగుతో సహా చూపే ఒక్క ఫోటో ఆ నలభైకంటె విలువైనది.

ట్రాక్టర్లు, యంత్రాలు: ఇది ముఖ్యంగా డీలర్లు గమనించవలసిన విషయం. సీజనులో ఒక్కరోజున నాలుగైదు ట్రాక్టర్లు దిగుతాయి. షోరూములోని గుమాస్తా అన్నిటి ఫోటోలను సాయంత్రం ఒకే గుత్తిగా బ్యాంకుకు పంపుతాడు. ఏ ఛాసిస్ నంబరు ఏ రైతుదో ఆ గుత్తిలో తెలియదు. ఇన్‌వాయిసులో ఒక నంబరు, ఫోటోలో మరొక నంబరు కనిపిస్తే పైకం విడుదల ఆగవలసిందే. ఆలస్యానికి తప్పు రైతుది కాదు, అయినా అతనికీ ఇబ్బందే. ఒక్కొక్క రైతుకు ప్రత్యేకంగా - ఇన్‌వాయిసు, బీమా పత్రం, రిజిస్ట్రేషన్ కాగితం ఒకే పి.డి.ఎఫ్.గా, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, రైతుతో ట్రాక్టరు ఫోటోలు డాక్యుమెంటుగా - పంపండి. లోహంమీద పొడిచిన నంబరు ఫోటోలో సరిగా పడదు. దానిపై కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చును ఫోటో తీస్తే స్పష్టంగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ పత్రం చేతికి వచ్చిన పిమ్మట అందులో బ్యాంకు పేరిట హైపోథికేషన్ నమోదైనదో లేదో చూసి ఆ నకలును కూడా పంపడం మరచిపోకండి.

పంట నష్టం: ఇక్కడ కాలమే ప్రధానం. 2016 ఖరీఫ్‌లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో, వడగండ్లు, కొండచరియలు విరిగిపడడం వంటి స్థానిక విపత్తులవలన బీమా చేసిన పంట దెబ్బతింటే 72 గంటలలోగా తెలియజేయాలి. కోత కోసి పొలంలో ఆరబెట్టిన పంట తుపాను, అకాల వర్షాలు, వడగండ్లవలన పాడైనా ఇదే గడువు. అయితే ఆ రక్షణ కోత తరువాత 14 రోజుల వరకే వర్తిస్తుంది. సోమవారం సాయంత్రం 6 గంటలకు వడగండ్లు పడితే గురువారం సాయంత్రం 6 గంటలకు గడువు ముగుస్తుంది.

ఈ సమాచారాన్ని పథకానికి చెందిన క్రాప్ ఇన్సూరెన్స్ యాప్‌లోగాని, 14447 అనే సహాయ నంబరుకుగాని, బీమా సంస్థకు, బ్యాంకు శాఖకు, వ్యవసాయాధికారికిగాని తెలియజేయాలి. తెలిసినవారి వాట్సాప్‌కు ఫోటోలు పంపడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. ముందు ఫిర్యాదు నమోదు చేసి దాని నంబరు తీసుకోండి, ఆ తరువాతనే ఫోటోల సంగతి. ఏ రాష్ట్రంలో, ఏ సీజనులో, ఏ పంటకు పథకం వర్తిస్తుందో వేరువేరుగా ప్రకటిస్తారు గనుక విత్తే నాటికే వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకోండి. చేను ఫోటో తీసేటప్పుడు గట్టు, బోరు, చెట్టు వంటి స్థిరమైన గుర్తు దూరపు ఫోటోలో ఉండాలి. పచ్చని చేను నడుమ పడిపోయిన నాలుగు మొక్కలను మాత్రమే దగ్గరగా తీస్తే అది ఎవరి పొలమో, నష్టం ఎంత మేరకో తెలియదు.

7. టిక్కులు రశీదు కావు

పంపిన సందేశం ప్రక్కన ఒక టిక్కు వస్తే మీ ఫోనునుండి వెళ్లినట్లు. రెండు టిక్కులు వస్తే అవతలి ఫోనుకు చేరినట్లు. అవి నీలిరంగుకు మారితే అవతలివారు తెరచినట్లు. అంతవరకే. దరఖాస్తు నమోదైనదని గాని, ఫోటోలను ఆమోదించారని గాని నీలి టిక్కులు చెప్పవు.

మరొక సంగతి. క్షేత్రాధికారి సొంత ఫోనుకు పంపిన ఫోటోలు బ్యాంకు దస్త్రంలో చేరినట్లు కాదు. అధికారి బదిలీ అవుతాడు, ఫోను మార్చుకొంటాడు, సెలవు పెడతాడు. అతనితోపాటు మీ రుజువు కూడా వెళ్లిపోతుంది. కొత్తగా వచ్చిన అధికారి ముందు మీరు మళ్లీ మొదటినుండి ఆరంభించవలసి వస్తుంది. కనుక శాఖవారు ఏ నంబరును, ఏ ఈ-మెయిలును అధికారికంగా చెప్పారో దానికే పంపండి. ఈ-మెయిలు చేస్తే పరిమాణం చూసుకోండి. జీమెయిలునుండి ఒక ఉత్తరంతో 25 ఎం.బి. వరకే జతపరచవచ్చు. పి.డి.ఎఫ్. చేసుకొనే అలవాటు ఇక్కడ కూడా తోడ్పడుతుంది.

పంపిన రోజునో మరునాడో శాఖకు ఫోను చేసి, "నేను పంపినవి ఏడు. ఏడూ అందినవా? దస్త్రంలో చేర్చారా? నమోదు నంబరు ఏమిటి?" అని అడగండి. ఇలా అడగడం మీ హక్కు. సమాధానం చెప్పినవారి పేరు, తేదీ మీ పుస్తకంలో రాసుకోండి. ముఖ్యమైన కాగితాలైతే తదుపరి శాఖకు వచ్చినప్పుడు ప్రతులు ఇచ్చి, తేదీతో ముద్ర వేయించుకోండి.

8. పంపరానివి

సౌలభ్యం చూసుకొని రహస్యాలను గుత్తిలో పంపేవారు కొందరున్నారు. ఏ.టి.ఎం. కార్డు రెండు వైపుల ఫోటోలు, పిన్ నంబరు రాసిన చీటీ, ఓ.టి.పి. కనిపించే తెర ఫోటో - వీటిని ఏ బ్యాంకూ అడగదు, ఎవరికీ పంపరాదు. ఆధార్ నకలు ఇవ్వవలసి వచ్చినప్పుడు, మొదటి 8 అంకెలు మరుగుపరచి చివరి 4 అంకెలు మాత్రమే చూపే మాస్క్‌డ్ ఆధార్ చాలునేమో శాఖవారిని అడగండి. దానిని ఆధార్ వెబ్‌సైటునుండి దింపుకోవచ్చు. జెరాక్సు ప్రతిని ఫోటో తీసి పంపేటప్పుడు దానిపై "ఫలానా రుణ దరఖాస్తు నిమిత్తం మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం చేయండి.

గ్రామస్థుల, డీలర్ల వాట్సాప్ గ్రూపులలో ఎవరి పాసుపుస్తకాన్నీ ఆధార్‌నూ పెట్టకండి. గ్రూపులో ఉన్న ప్రతివారి ఫోనులోను ఆ నకలు చేరుతుంది. మీరు తరువాత చెరిపివేసినా అప్పటికే దాచుకొన్నవారి వద్ద అది ఉండిపోతుంది. డీలరుకు ఖాతాదారుడు నమ్మి ఇచ్చిన కాగితం అది. ఆ నమ్మకాన్ని కాపాడడం వ్యాపార ధర్మం.

బ్యాంకు పేరుతో, రుణమాఫీ పేరుతో, ప్రభుత్వ పథకం పేరుతో వచ్చే ఎ.పి.కె. ఫైళ్లను తెరవకండి. అవి ఫోటోలు కావు, ఫోనులో చొరబడే ప్రోగ్రాములు. పొరపాటున మోసపోయి డబ్బు పోతే ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయక 1930కి ఫోను చేసి ఫిర్యాదు చేయండి, బ్యాంకుకు కూడా చెప్పి ఖాతా స్తంభింపజేయించండి.

9. అభ్యాసం

ఈ ప్రశ్నలకు ముందుగా మీరే సమాధానం ఆలోచించి, ఆపైన క్రింద ఇచ్చిన వాటితో పోల్చుకోండి.

1) ఒక్కొక్కటి 4 ఎం.బి. ఉన్న 20 ఫోటోలను డాక్యుమెంటుగా పంపదలిచారు. సెకనుకు 2 మెగాబిట్ల వేగం ఉంటే ఎంత కాలం పడుతుంది?

2) పాసుపుస్తకం 8 పుటలు పంపాలి. ఫోటోలుగా పంపడం మేలా, పి.డి.ఎఫ్.గా మేలా?

3) శనివారం ఉదయం 10 గంటలకు చేనుపై వడగండ్లు పడినవి. ఎప్పటిలోగా తెలియజేయాలి? ముందు చేయవలసిన పని ఏది?

4) రెండు నీలి టిక్కులు వచ్చినవి. మీ పని పూర్తయినట్లేనా?

సమాధానాలు:

1) 80 ఎం.బి. అనగా 640 మెగాబిట్లు. 2తో భాగిస్తే 320 సెకన్లు, అంటే 5 నిమిషాల 20 సెకన్లు. నంబర్లు చూపే ఫోటోలను మాత్రమే డాక్యుమెంటుగా, మిగిలినవి మామూలుగా పంపితే ఇంకా తగ్గుతుంది.

2) పి.డి.ఎఫ్. మేలు. పుటలు వరుస తప్పవు, ముద్రించుకోవడానికి వీలుగా ఉంటాయి.

3) మంగళవారం ఉదయం 10 గంటలలోగా. మధ్యలో ఆదివారం వచ్చినా గడువు ఆగదు. శాఖ తెరిచేవరకు వేచి ఉండక యాప్‌లోగాని, 14447 ద్వారాగాని నమోదు చేసి నంబరు తీసుకోవాలి. ఫోటోలు ఆ వెంటనే తీయాలి.

4) కాదు. అన్నీ అందినవని, దస్త్రంలో చేరినవని శాఖనుండి మాట తీసుకొన్నప్పుడే పూర్తయినట్లు.

రైతు సోదర సోదరీమణులారా, డీలరు మిత్రులారా! పై విషయాలలో డబ్బు ఖర్చయ్యేది ఒక్కటీ లేదు. ఒక తెల్లకాగితం చీటీ, నాలుగు నిమిషాల నిదానం, ఒక ఫోను పిలుపు - ఇవే కావలసినవి. మీ ఇంట్లో చదువుకొంటున్న పిల్లలచేత ఈ పాఠం చదివించుకొని, ఈ రోజే మీ పాసుపుస్తకం పుటలను ఒక పి.డి.ఎఫ్. చేసి చూడండి. చేను ఆరోగ్యంగా ఉన్నప్పుడే దాని ఫోటో ఒకటి తీసి దాచుకోండి. నష్టం జరిగిన నాడు పోల్చి చూపడానికి అదే మొదటి రుజువు అవుతుంది.